శరశయ్య చెప్పే ధర్మము



పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి జిల్లాల నుండి రోగులను తీసుకొని వచ్చే కుటుంబాలను, అమీర్‌పేట వాసులమైన మనము నిత్యమూ చూస్తున్నాము. "కదలలేని ఈ దేహంతో బ్రతకడమెందుకు?" అనే మాట అప్పుడప్పుడు మన చెవిని పడుతూ ఉంటుంది. దీనికి ధర్మం చెప్పే సమాధానమేమి?

2004లో మన హైదరాబాదులోనే వెంకటేశ్ అనే యువకుడు కండరాల క్షీణత వ్యాధితో మంచాన పడ్డాడు. చదరంగంలో పేరు తెచ్చుకొన్నవాడు. అవయవాలు పాడు కాకముందే తన ప్రాణం విడిపించి, వాటిని పరులకు ఇమ్మని వేడుకొన్నాడు. తల్లి హైకోర్టును ఆశ్రయించింది. చట్టం ఒప్పదని న్యాయస్థానం అంగీకరించలేదు. ఆ డిసెంబరులోనే అతడు కన్నుమూశాడు.

అతనిది దధీచి మహర్షి సంకల్పం. దానికి మనము చేతులు జోడించవలసిందే. అయినా ఆ ద్వారం తెరచిన పిమ్మట, "నీవు పోతే పదిమందికి ఉపకారం" అనే మాట మంచాన ఉన్న ప్రతివాని చెవిలో పడదా? దానం బలవంతంగా మారదా? 2018లో సుప్రీంకోర్టు, కోలుకొనే ఆశ లేనివారికి కృత్రిమ ప్రాణాధారాన్ని నియమాలకు లోబడి తొలగించవచ్చునన్నది. ప్రాణం తీసే మందు ఇవ్వడానికి మాత్రం అనుమతించలేదు.

భీష్మ పితామహుని స్మరించండి. ఆయనకు ఇచ్ఛామరణ వరమున్నది. ఒళ్ళంతా బాణాలు, కదలిక లేదు, భరింపరాని బాధ. అయినా ఉత్తరాయణం వరకు ప్రాణాలు నిలిపాడు. తల వాలితే అర్జునుడు బాణాలతో తలగడ అమర్చాడు. దాహమంటే భూమిని చీల్చి గంగ నిచ్చాడు. ధర్మరాజు పాదాల చెంత కూర్చుని రాజధర్మం నేర్చుకొన్నాడు. భీష్ముడు భారమని ఎవ్వరూ అనలేదు. లేవలేని ఆ దేహం నుండే శాంతిపర్వమంతటి జ్ఞానం లోకానికి లభించింది.

తలగడ, నీరు, తోడు: ఈ మూడూ అందని చోటనే చాలామందికి చావు మేలనిపిస్తుంది. ఆలయానికి మెట్లు కట్టి, చక్రాల కుర్చీకి వాలుదారి మరచిన మనము, రాలేనివాని జీవితం వ్యర్థమని తీర్పు చెప్పడం న్యాయమా? "మీకేమి కావాలి?" అని వారినే అడుగుదాము.

దధీచి మార్గమూ మూసుకొనిపోలేదు. నిమ్స్ కేంద్రంగా నడిచే జీవన్‌దాన్ ద్వారా, మెదడు మరణించిన పిమ్మట కుటుంబ సమ్మతితో అవయవదానం జరుగుతున్నది. బ్రతికి ఉన్నంతకాలం సేవ, పోయిన పిమ్మట దానం. ఈ క్రమమే మనకు శ్రేయస్కరము.

శుభమ్.