కుక్కపిల్లకు ఇంటి శుభ్రత నేర్పుట
(ప్రసంగ పాఠము)



కళ్ళమునకు, గొడ్లపాకకు కాపలా కావలెనని మనలో చాలమంది కుక్కపిల్లను తెచ్చుకొందురు. వారము తిరుగకముందే అది వసారాలో ఒకచోట, ధాన్యపు బస్తాల ప్రక్కన ఒకచోట తడిచేయును. ఇంటివారు విసిగి, దాని ముక్కును ఆ తడిలో రాచి, చీపురుతో కొట్టుదురు. దీనివలన పిల్ల నేర్చుకొనునది ఒక్కటే: మనిషి కంటబడకుండ మంచము క్రిందనో, గాదె వెనుకనో ఆ పని కానిచ్చుట. తరువాత పిలిచినను దగ్గరకు రాదు. పిలిచిన రాని కుక్క కాపలాకేమి పనికివచ్చును?

తప్పు పిల్లది కాదు. రెండు నెలల పిల్లకు మూత్రమును బిగబట్టు శక్తి ఇంకను రాలేదు. వయస్సు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపినన్ని గంటలు ఓర్చుకొనగలదని ఒక మోటులెక్క. అనగా రెండు నెలల పిల్లకు మూడు గంటలు. ఆడుకొనునప్పుడు అంతసేపు కూడ ఆగదు. పసిబిడ్డ పక్క తడిపిన కొట్టుదుమా?

మొదట దొడ్డిలో ఒకే స్థలము నిర్ణయించుకొనండి. అది బావికి, కూరపాదులకు, గడ్డివామికి దూరముగా నుండవలెను. నిద్ర లేచిన వెంటనే, మేత తిన్న పావుగంట నుండి అరగంట లోపల, ఆట ముగియగానే, రాత్రి పడుకొనబోవు ముందు పిల్లను అచ్చటికి తీసికొనిపొండి. మిగిలిన పగటివేళ గంట, గంటన్నరకొకసారి చాలును. నేల వాసన చూచుచు గుండ్రముగా తిరిగినచో వేళయైనదని గుర్తు. అచ్చట పని ముగించిన మరుక్షణమే మెచ్చుకొని, చిన్న రొట్టెముక్క పెట్టండి. ఇంటిలోనికి వచ్చిన తరువాత పెట్టిన ముక్క దేనికో దానికి తెలియదు.

మేత రోజూ ఒకే వేళలకు పెట్టినచో, మలవిసర్జన కూడ వేళకు జరుగును. తడిచేయుచున్నదని నీళ్ళు మాత్రము మాన్పించరాదు. కుక్క తాను పడుకొను చోటును సాధారణముగా పాడుచేసుకొనదు. కావున రాత్రివేళ చిన్న మూలలో గోనెసంచి పరచి పడుకొనబెట్టి, నడిరేయి ఒకసారి లేచి బయటకు తీసికొనిపోవలెను.

లోపల తడిచేయుచుండగా చూచినచో, కేకలు వేయక ఎత్తుకొని బయటకు తీసికొనిపొండి. జరిగిపోయిన తరువాత చూచినచో శుభ్రము చేయుటే పని. వాసన మిగిలినచో మరల అచ్చటికే వచ్చును. మట్టినేలయైనచో తడిసినంత మట్టిని గీకి పారవేసి, క్రొత్త మట్టితో అలకండి. సిమెంటు నేలను సబ్బునీళ్ళతో కడగండి. ఫినాయిలు వేసిన నేల ఆరకముందు పిల్లను వదలరాదు. పాదములకంటిన మందును అది నాకును.

ఇది ఇంటి అందమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. ఏలికపాములు పిల్లకు తల్లి కడుపులోనే సంక్రమించును. మలములోని వాటి గ్రుడ్లు మట్టిలో రెండు మూడు వారములుండి, తరువాత ప్రాకాడు బిడ్డల నోటికి చేరినచో కాలేయమునకు, కంటికి కూడ చేటు కలుగును. కొంకిపురుగుల పిల్లలు వట్టి పాదముల చర్మము గుండ దూరును. కుక్క మలము మేతలో కలిసినచో చూలు పశువులు ఈసుకుపోవు జబ్బు కూడ కలదు. కావున మలమును ప్రతిదినము ఎత్తి గోతిలో పూడ్చవలెను. రెండు వారముల వయస్సు నుండి పశువైద్యుని సలహాపై ఏలికపాముల మందు పట్టించండి. మూడు నెలలకు పిచ్చికుక్క వ్యాధి టీకా మరువరాదు.

కొంత నేర్చిన పిల్ల హఠాత్తుగా మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రము పోసినను, అందు రక్తము కనిపించినను, పారుకొన్నను అది జబ్బు. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసికొనిపొండి. మనిషిని చూచి వంగి, తోక ముడిచి కారుచున్నచో అది భయము. గద్దించిన కొలది ఎక్కువగును.

ఓర్పుతో ఇట్లు చేసినచో ఐదారు నెలల వయస్సుకు చాల పిల్లలు కుదుటపడును. ఇంటిలో అందరు ఒకే పద్ధతి పాటించవలెను. ఒకరు మెచ్చి, ఒకరు కొట్టినచో శ్రమ వృథా. పిల్లను బయటకు తీసికొనిపోవు వేళలను ఇంటిలో ఎవరెవరు చూచుకొందురో ఈ రాత్రియే పంచుకొనండి.