క్యాన్సర్ కణితి - దాని ఇరుగుపొరుగు



నేను డాక్టరును కాను. ముప్పయి నాలుగేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాడిని. బయోటెక్నాలజీ చదివే మా మనుమరాలి దగ్గర కూర్చుని తెలుసుకున్న నాలుగు మాటలు మీకు మనవి చేస్తాను.

మన కణాలలో ఉండే డి.ఎన్.ఎ. రికార్డు రూములోని అసలు రిజిస్టరు వంటిది. దానికి తీసే నకలు ఆర్.ఎన్.ఎ. ఆ నకలు చూసి కణం ప్రొటీన్లు తయారుచేస్తుంది. అయితే రిజిస్టరులో ప్రొటీన్లకు సంబంధించిన భాగం నూటికి రెండు వంతులకు మించదు. మిగిలినదాంట్లో చాలా మటుకు చెత్త కాగితాలే అని చాలాకాలం అనుకున్నారు. కాని ఆ భాగానికీ నకళ్ళు తయారవుతాయి. వాటితో ప్రొటీను రాదు. మరి ఎందుకవి?

ఆఫీసుల్లో పనిచేసిన మనకు తెలియనిదా! ఫైలు మార్జినులో పై అధికారి "ప్లీజ్ డిస్కస్" అని రెండు ముక్కలు వ్రాస్తే అది జి.ఓ. కాదు, అర్జీదారుకు పోయే ఉత్తర్వూ కాదు. అయినా ఫైలు అక్కడే ఆగుతుంది. మైక్రో ఆర్.ఎన్.ఎ.లు చేసే పని అదే. ప్రొటీను తయారీని ఆపుతాయి, తగ్గిస్తాయి. 1993లో అమెరికా శాస్త్రజ్ఞులు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగులో ఈ సంగతి బయటపెట్టారు. 2024లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఒక రకం రక్త క్యాన్సర్ రోగులలో చాలామందికి ఇటువంటివి రెండు లోపించాయని 2002లో తేలింది. ఆపే చీటీ లేకపోతే ఆగవలసిన ఫైలు కదులుతుంది.

ఇక కణితి అంటే క్యాన్సర్ కణాలు మాత్రమే కాదు. చుట్టూ రక్తనాళాలు, రోగంతో పోరాడే రక్షక కణాలు కూడా ఉంటాయి. క్యాన్సర్ కణాలు ఈ చీటీలను ఎక్సోసోములనే అతి సూక్ష్మమైన సంచులలో పెట్టి ఇరుగుపొరుగుకు తపాలు పంపుతాయి. అది అందుకున్న రక్షక కణాలలో కొన్ని పోరాటం మాని శత్రువుకే సహకరిస్తాయి. కొత్త రక్తనాళాలు మొలిచి కణితికి ఆహారం అందిస్తాయి.

ఈ తపాలును పట్టుకోగలిగితే రోగాన్ని ముందే పసిగట్టవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ. ప్రొటీను తయారుచేయని ఒక ఆర్.ఎన్.ఎ.ను మూత్రంలో కొలిచే ప్రోస్టేటు పరీక్షకు అమెరికాలో 2012లో అనుమతి లభించింది. మందు సంగతి వేరు. మైక్రో ఆర్.ఎన్.ఎ.తో చేసిన క్యాన్సర్ మందు ఒకదాని ప్రయోగాన్ని, రోగులకు తీవ్రమైన ఇబ్బందులు కలగడంతో 2016లో ఆపివేశారు. అటువంటి మందు ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు. కనుక ఆ పేరు చెప్పి మీ కమ్యుటేషన్ సొమ్ము అడిగేవారిని గుమ్మంలోనుంచే పంపండి. డాక్టరు వ్రాసిన వైద్యం మధ్యలో మానకండి.

ఒక్క విన్నపం. గడ్డ కనపడినా, పుండు మానకున్నా, మూత్రంలో రక్తం పడినా దాచకండి. నా శ్రీమతి రొమ్ములో గడ్డ సంగతి మొదటి వారంలోనే చెప్పింది. ఆపరేషనై నాలుగేళ్ళయింది. ఇవాళ మహిళల వరుసలో కూర్చుని నా తప్పులు లెక్కపెడుతోంది. మన వయసులో ఏ కాగితమైనా పెండింగు పెట్టవచ్చు గాని, ఇది పెట్టకూడదు.