నెమ్మది లైన్ మీద లినక్స్

2000 ప్రాంతంలో విజయవాడ గవర్నర్‌పేటలో ఇంట్లో ఇంటర్నెట్ అంటే ల్యాండ్‌లైను, దానికో మోడెమ్, కనెక్టయ్యేటప్పుడు వచ్చే ఆ కీచు శబ్దం. మోడెమ్ మీద 56 కేబీపీఎస్ అని ఉన్నా, సెకనుకు 5 కిలోబైట్లు వస్తే గొప్ప. ఆ లెక్కన 700 మెగాబైట్ల లినక్స్ సీడీ దిగడానికి దాదాపు 40 గంటలు! ఈలోపు ఇంట్లో ఎవరైనా రిసీవర్ ఎత్తితే అంతే సంగతులు. అందుకే చాలామంది పత్రికలతో ఇచ్చే సీడీలతో మొదలుపెట్టారు. 2005 నుంచి 2011 దాకా ఉబుంటు అనే లినక్స్ సీడీలు పోస్టులో ఉచితంగా వచ్చేవి.

సీడీతో లినక్స్ ఎక్కించుకున్నాక అసలు చిక్కు అప్‌డేట్లది. అవి ఎప్పటికప్పుడు కొత్తవి వస్తూనే ఉంటాయి. డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో సాఫ్ట్‌వేర్ దించి ఎక్కించే ఆప్ట్ అనే ప్రోగ్రాం సగంలో ఆగిన ఫైలును పారేయదు. ‘పార్షియల్’ అనే ఫోల్డర్‌లో దాచి, మళ్లీ నడిపినప్పుడు ఆగినచోటి నుంచి అందుకుంటుంది. లైను రాగానే కంగారు పడకుండా అదే అప్‌డేట్ కమాండ్ మళ్లీ ఇవ్వండి. ముందు డౌన్‌లోడ్ మాత్రమే చేయించి, అన్నీ చేరాక ఇన్‌స్టాల్ చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇంకా మంచి ఉపాయం ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే ప్రోగ్రాం. మీ కంప్యూటర్‌కు ఏమేం కావాలో ఒక చిన్న ఫైల్లో రాసిస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, నెట్ బాగున్నచోట ప్యాకేజీలు దించుకుని, ఇంటికొచ్చి ఎక్కించుకోవడమే. అక్కడి కంప్యూటర్ విండోస్‌దైనా ఫరవాలేదు. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో ఇది నేటికీ పనికొస్తుంది.

అన్నీ దించే వీలు లేకపోతే భద్రతకు సంబంధించినవి ముందు దించండి. బ్రౌజర్ అప్‌డేట్‌ను మాత్రం వాయిదా వేయకండి.