పాట వ్రాసినవాని పేరు
(గోపాలపట్నమున సమీప గ్రామముల పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున శ్రీరామనవమి పందిరి వేసినను, పెండ్లి జరిగినను, ఆగస్టు 15న పంచాయతీ కార్యాలయముపై జెండా ఎగురవేసినను, మైకు కట్టిన వెంటనే వినవచ్చునది పాట. పాడినవారెవరో బడిపిల్లవాడు కూడ చెప్పును. తెరపై ఆడినవారెవరో చెప్పుటకు పదిమంది పోటీపడుదురు. వ్రాసినవారెవరని అడిగినచో మాత్రము సమాధానము దొరకుట కష్టము. ఈ లోపము చిన్నదని మేము తలంపము. కావుననే ఈనాడు మీ యెదుట ఒక పాటల రచయిత జీవితమును గూర్చి మాటలాడ దలచితిమి. ఆయన మనకు దూరపువాడు కాడు. ఇక్కడనుండి రైలెక్కినచో గంటలోపున దిగు అనకాపల్లిలో పెరిగినవాడు. ఆయనయే సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు.

అనకాపల్లి అనగానే మనకు బెల్లము మార్కెట్టు జ్ఞప్తికి వచ్చును. కాని ఈ ప్రాంతమున పాట కూడ తక్కువగా పండలేదు. 1910 ప్రాంతమున దేశభక్తి గీతము వ్రాసి, దేశమనగా మట్టి కాదు, అందలి జనమే యని చాటిన గురజాడ అప్పారావుగారు పుట్టినది ఎస్. రాయవరమున, అది నేడు అనకాపల్లి జిల్లాలోనిదే. శ్రీశ్రీ, ఆరుద్ర ఇరువురును విశాఖపట్నమువారు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రమునకు వ్రాసిన పాటకు శ్రీశ్రీగారికి జాతీయ పురస్కారము లభించెను. ఇట్టి నేలపై పెరిగిన కుఱ్ఱవానికి మాటపై మక్కువ కలుగుటలో వింత లేదు.

శాస్త్రిగారి యింటిపేరు చేంబోలు. 1955 మే 20న జన్మించిరి. తండ్రి యోగిగారు హోమియో వైద్యులు, పెక్కు భాషలు నేర్చిన పండితులు. బడి చదువు అనకాపల్లిలో, కళాశాల చదువు కాకినాడలో సాగెను. వైద్యవిద్యలో చేరియు దానిని పూర్తిచేయక, టెలిఫోనుల శాఖలో ఉద్యోగమునకు కుదిరి కాకినాడలో పనిచేసిరి. పెద్ద సంసారమున నెలజీతమునకు ఎంత విలువయో మీకు మేము చెప్పనక్కరలేదు. పగలు ఉద్యోగము, తీరిక దొరకినప్పుడు కవిత్వము. అప్పుడాయన కలముపేరు ‘భరణి’. గంగావతరణమును గూర్చి ఆయన వ్రాసిన గేయము దర్శకులు కె. విశ్వనాథ్‌గారి దృష్టికి వచ్చి, 1984లో ‘జననీ జన్మభూమి’ చిత్రమున చోటు సంపాదించెను. రెండేండ్లకు, 1986లో, విశ్వనాథ్‌గారు ‘సిరివెన్నెల’ చిత్రపు పాటల భారమును ఆయనకు అప్పగించిరి. ఆ చిత్రముతో ఆయన పేరునకు ముందు చిత్రము పేరే వచ్చి నిలిచెను. తల్లిదండ్రులు పెట్టిన యింటిపేరు మరుగునపడి, పాట పెట్టిన యింటిపేరు లోకమున చెల్లుట మన భాషలో అరుదైన సంగతి.

ఆ చిత్రమున కథానాయకుడు పుట్టుగ్రుడ్డి, వేణువు వాయించువాడు. అతనిని అభిమానించు చిత్రకారిణి మూగ. పాట వ్రాయువానికి ఇది ఎంతటి చిక్కో ఆలోచింపుడు. ఉదయమును వర్ణింపవలెను, వర్ణించువాడు సూర్యుని చూచి యెరుగడు. ఎరుపనియు, బంగారు రంగనియు వ్రాసినచో అది కవి మాట యగును గాని ఆ గ్రుడ్డివాని మాట కాదు. కావున శాస్త్రిగారు సృష్టిని నాదముగా పట్టుకొనిరి. లోకము మొదట ఒక ధ్వనియై పుట్టినదని చెప్పి, పక్షుల కూతలను, ఊపిరిని, గుండె చప్పుడును దానితో ముడివేసిరి. సంస్కృత పదములు నిండిన ఆ పాటను అక్షరము రానివారు కూడ పాడుకొనుట మనము చూచినదే. జనమునకు అర్థము కాదను నెపముతో చవుకబారు మాటలు వ్రాయువారికి ఇంతకంటె సమాధానమేమి కావలెను?

సినిమాలో పెక్కు పర్యాయములు ముందు బాణీ కట్టుదురు. పిదప దానికి మాట కూర్చవలెను. బాణీలో ఎన్ని దెబ్బలున్న అన్ని అక్షరములే ఇమడవలెను. దీర్ఘమున్నచోట దీర్ఘము, విరుపున్నచోట విరుపు. అర్థము మాత్రము కథను దాటి పోరాదు. ఇది పట్టణపు విద్య యనుకొనవలదు. వరి ఊడ్చు మన స్త్రీలు చేయునదియు నిదియే. నడుము వంగుట, నారు నాటుట, అడుగు వెనుకకు వేయుట — ఈ కదలికలే వారికి బాణీ. ఆ కొలతకు సరిపడు మాటలే వారి పాట. ఒకరికి హార్మోనియము, మరియొకరికి బురద.

పిమ్మట ఆయన యెక్కిన మెట్లు వేగముగానే చెప్పవచ్చును. ‘సిరివెన్నెల’, ‘శ్రుతిలయలు’, ‘స్వర్ణకమలం’ చిత్రములకు వరుసగా మూడేండ్లు రాష్ట్రప్రభుత్వపు నంది పురస్కారములు వచ్చెను, మొత్తముమీద పదునొకండు. మూడువేలకు పైబడి పాటలు. 2019లో పద్మశ్రీ. ఆ పాటలన్నియు ఒక్క ఎత్తున నిలుచునని మేము చెప్పము. అన్ని వేల పాటలు వ్రాయువాడు కొన్నిటిని పొట్టకొరకు, కొన్నిటిని మొగమాటము కొరకు వ్రాయక తప్పదు. కాని స్త్రీని కించపరచు మాట తన కలమునుండి రాకుండ చూచుకొందునని ఆయన చెప్పుకొనిన నియమము ఆ వ్యాపారమున సులభమైనది కాదు.

పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా వినదగిన పాటలు రెండున్నవి. 1993లో వచ్చిన ‘గాయం’ చిత్రమున ఒకదానిని పాడు వ్యక్తిగా శాస్త్రిగారే తెరపై కనబడిరి. వీధిలో కత్తి దూసినవానికంటె, దానిని చూచి తలుపు మూసికొనినవానిపైననే ఆ పాటకు కోపమెక్కువ. రెండవది 1997లో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి 50 ఏండ్లు నిండిన యేట, ‘సిందూరం’ చిత్రమున వచ్చినది. మనము పండుగ చేసికొనుచున్నది నిజముగా స్వాతంత్ర్యమేనా యని అది నిలదీయును. కొందరు పెద్దలు ఇట్టి పాటలు జెండా పండుగనాడు తగవందురు. మాకు అట్లు తోచదు. ఓట్లతో ఎన్నికైనవారు ఏడాదికొక దినమైన ఆ ప్రశ్నను మైకులో వినుట మంచిదే.

2021 నవంబరు 30న, 66 ఏండ్ల వయస్సున, శాస్త్రిగారు హైదరాబాదు నగరమున కన్నుమూసిరి. గౌరవములతో సాగనంపబడిరి. అందరు పాటగాండ్రకు అట్టి అదృష్టము పట్టలేదు. శ్రీకాకుళము ప్రాంతమున 1893లో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణగారిని తలచుకొనుడు. సహాయనిరాకరణోద్యమ దినములలో తెల్లదొరల పాలన వద్దని ఆయన వ్రాసిన పాట ఊరూర మ్రోగెను. ఆ పాటకు ఆయన కారాగారమును అనుభవించెను. పాట విన్నవారు లక్షలు. కాని ఆ రచయిత 1952లో మదరాసున పేదరికముతో మరణించెను.

పాట వ్రాసినవానికి రావలసినది రాకపోవుట దాతృత్వముతో తీరు సమస్య కాదు. దానికి చట్టము కావలెను. 1957 నాటి కాపీరైటు చట్టమున్నను, సినిమాకు పాట వ్రాసినవాడు ఒక్కసారి సొమ్ము పుచ్చుకొని సర్వహక్కులు నిర్మాతకు వ్రాసి యిచ్చుటయే వాడుక. 2012లో చేసిన సవరణ దీనిని మార్చెను. సినిమాహాలులో చిత్రముతోపాటు వినిపించుట మినహా, ఇతర విధముల పాటను వాడినప్పుడు వచ్చు రాయల్టీలో రచయితకును, స్వరకర్తకును సమాన భాగముండును. దానిని వదలుకొందునని వారు వ్రాసి యిచ్చినను చెల్లదు. రచయిత మరణించిన పిదప 60 ఏండ్ల వరకు ఆ హక్కు వారసులకు నిలుచును.

ఇది విని, పెండ్లిలో పాట వేసినను రుసుము కట్టవలెనా యని మీకు సందేహము రావచ్చును. అక్కరలేదు. దేవుని ఉత్సవములకు, పెండ్లి ఊరేగింపునకు, పెండ్లి సంబంధమైన వేడుకలకు, పంచాయతీ వంటి స్థానిక సంస్థలు జరుపు అధికారిక ఉత్సవములకు ఆ చట్టమే మినహాయింపు నిచ్చినది. ఎవరైన వచ్చి మీ జెండా పండుగకు రుసుము అడిగినచో ఈ సంగతి చెప్పుడు. టిక్కెట్టు పెట్టి ఆర్కెస్ట్రా నడుపువారి సంగతి వేరు. వారు ముందుగా అనుమతి పొందవలసినదే.

ఇక పేరు లేని పాటల విషయము మిగిలియున్నది. జముకుల కథ చెప్పువారు, తప్పెటగుళ్ళవారు, ధింసా ఆడువారు మన జిల్లాలలో నేటికిని కలరు. వారి పాటలు పెక్కు పెద్దవారి నోటనే యున్నవి. ఇంటిపన్నుతోబాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. పంచాయతీ ఖాతాలో నిలిచిపోయినచో ముందుగా దానిని చెల్లింపుడు. పిదప మీ ఊరి గ్రంథాలయమున ఒక లావుపాటి నోటుపుస్తకము పెట్టించి, సెల్‌ఫోనులో పాటను పట్టి, బడిపిల్లలచేత వ్రాయింపుడు. వ్రాసినవారు తెలియనిచో పాడినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసినను చాలును.