పిల్లల నోట తెలుగు క్రియలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

 

పంచాంగశ్రవణం జరిగే పూట వ్యాకరణం వినిపిస్తున్నందుకు మన్నించాలి. వేపపువ్వు చేదు తగిలిన నాలుకకు వ్యాకరణపు చేదు అంతగా తెలియదు గదా అనే ధైర్యంతో నిలబడ్డాను.

ఈ బెంగుళూరులో మన పిల్లలు వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. ఆ యింటి తెలుగులో "మామయ్య వచ్చలేదు", "అక్క నాకు ఇచ్చలేదు" అనే మాటలు దొర్లగానే పెద్దలం పకపక నవ్వుతాము. సెలవులకు ఊరు వెళితే మేనత్త పిల్లలు మరికాస్త నవ్వుతారు. దానితో బిడ్డ నోరు మూసుకుంటాడు. తెలుగులో అడిగినదానికి కన్నడంలోనో, ఇంగ్లీషులోనో జవాబు చెప్పడం మొదలుపెడతాడు. ఒక తప్పు దిద్దబోయి ఒక భాషనే పోగొట్టుకుంటున్నాము. అందుకే యింత చిన్న విషయాన్ని యింత పెద్ద సభలో ఎత్తుకున్నాను.

మొదట గమనించవలసింది, ఆ బిడ్డ తెలివితక్కువవాడు కాడు. కొట్టాడు, కొట్టలేదు, నవ్వాడు, నవ్వలేదు, వెళ్ళాడు, వెళ్ళలేదు అని వింటూ వింటూ ఎవరూ చెప్పకుండానే ఒక సూత్రం పట్టుకున్నాడు. దాని ప్రకారమే "వచ్చలేదు" అన్నాడు. పెద్దలెవరూ అనని మాటను వాడు అన్నాడంటే, చిలుకపలుకులు వల్లించడం లేదు, ఆలోచిస్తున్నాడన్న మాట. అమెరికాలో జీన్ బెర్కో అనే విదుషీమణి 1958లో ప్రకటించిన పరిశోధనలో పిల్లలకు ఎన్నడూ వినని కల్పితపదాలు యిచ్చి చూశారు. వాటికి కూడ పిల్లలు తమ భాషలోని సూత్రాలనే వర్తింపజేశారు. ఇంగ్లీషు బిడ్డలు 'వెంట్' అనవలసిన చోట 'గోయెడ్' అనడమూ మన 'వచ్చలేదు' వంటిదే.

సరే, సూత్రానికి లొంగని క్రియలను నేర్పేదెట్లా? వచ్చు, తెచ్చు, ఇచ్చు అనేవి ఒక తల్లి బిడ్డల్లా కనిపిస్తాయి. వచ్చాను, తెచ్చాను, ఇచ్చాను; వస్తాను, తెస్తాను, ఇస్తాను. 'లేదు' చేర్చేసరికి ఎవరి దారి వారిది: రాలేదు, తేలేదు, ఇవ్వలేదు. ఇందుకు పట్టికలు కంఠస్థం చేయించనక్కరలేదు. తాళపుచెవి మన యింట్లోనే వున్నది. "ఇటు రా", "నీళ్ళు తే", "చెల్లెలికి ఇవ్వు" అని రోజూ అంటూనే వుంటాము. ఆ పురమాయింపు మాటకే 'లేదు' చేర్చాలి. రా, రాలేదు, పో, పోలేదు, తే, తేలేదు. ఇవ్వు, చూడు, తిను అనే వాటిలో చివరి ఉకారం అకారమవుతుంది: ఇవ్వలేదు, చూడలేదు, తినలేదు. ఒకరు "రా!" అంటే రెండవవారు "రాలేదు!" అనేటట్లు ఆట కట్టి, రోజుకు పది నిమిషాలు ఆడించండి.

పొరుగుభాష అడ్డమని భయపడవద్దు. కన్నడంలో బా, బందె, బరుత్తేనె. తమిళంలో వా, వందేన్, వరువేన్. ఈ క్రియ అక్కడా ఒక్క రూపంతో నిలవదు. "కన్నడంలో బందలిల్ల అంటావుటరా?" అని అడగండి. "అనను, బరలిల్ల అంటాను" అంటాడు. "మరి తెలుగులో వచ్చలేదు ఎట్లా అంటావు?" అంటే వాడే నవ్వుతాడు. ఆ నవ్వు మంచిది.

ఒక్కచోట మాత్రం పొరుగుభాష దారి తప్పిస్తుంది. నిన్న అమ్మ ఇంట్లో లేదని చెప్పడానికి కన్నడంలో "ఇరలిల్ల" అంటారు. దానిని మాటకు మాటగా తెలుగు చేసి బిడ్డ "ఉండలేదు" అంటాడు. మనకు ఉండలేదంటే ఆగలేదు, నిలవలేదు అని అర్థం. ఉన్నదానికి ఎదురుమాట లేదు. నేను లేను, నువ్వు లేవు, వాడు లేడు, వారు లేరు. నిన్నకైనా నేటికైనా యిదే. తరగతిలో హాజరు వేసేటప్పుడు "గోపి ఉన్నాడా?" "లేడు", "సీత ఉన్నదా?" "లేదు" అనిపిస్తే వారం రోజులలో పట్టుబడుతుంది.

మరొక హెచ్చరిక. రాయలసీమ నుండి వచ్చిన యిళ్ళల్లో "వచ్చినాడు", "రాలా" అంటారు. తెలంగాణం వారు "వచ్చిండు", "రాలే" అంటారు. ఇవి తప్పులు కావు. రాలా, రాలే, రాలేదు మూడింటిలోనూ 'రా' నిలిచే వున్నది. అవ్వ దగ్గర నేర్చిన తెలుగును దిద్దకండి. "వచ్చలేదు" అన్నప్పుడు కూడ దిద్దినట్టు కనబడకుండా, "అవును నాయనా, మామయ్య యింకా రాలేదు, బస్సు రాలేదేమో" అనండి. సరియైన రూపం రెండుసార్లు చెవిని పడుతుంది, మాటా ఆగదు.

వాడుకభాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు చాలకాలం ఉపాధ్యాయులుగా వున్న పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరింది. చిన్నయసూరి బాలవ్యాకరణం రచించింది మద్రాసులో. తెలుగును గురించి ఆలోచించడానికి తెలుగునాట వుండనక్కరలేదని వారి ఊళ్ళే చెబుతున్నవి. మాట్లాడించడానికి మాత్రం తల్లిదండ్రులకు కొంచెం ఓర్పు కావాలి. ఈ సంవత్సరం మన యిళ్ళల్లో పిల్లలు తప్పో ఒప్పో తెలుగు మాట్లాడుదురుగాక, పెద్దలు నవ్వకుండా విందురుగాక అని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.