పుష్కరాలకు వెళ్తున్నారా?



పన్నెండేళ్ళకోసారి వచ్చే గోదావరి పుష్కరాలు 2015 తర్వాత మళ్ళీ 2027లో. ప్రయాణమనగానే పసుపు కుంకుమలు, పులిహోర పొట్లాలు సర్దుకుంటాం. వాటితోపాటు కాస్త ఉప్పు, పంచదార కూడా వేసుకోండి. ఎందుకో చెబుతాను.

2015లో మా అత్తగారు పిండప్రదానం అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. రేవులో మాత్రం మూడుసార్లు ఆచమనం చేశారు. రాత్రికి వాంతులు, విరేచనాలు. "నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయి" అన్నారు పక్కవాళ్ళు. నిజమే కాబోలని నేనూ వూరుకున్నాను. తెల్లారేసరికి కళ్ళు లోతుకుపోయాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. శిబిరంలో సెలైను ఎక్కిస్తే గానీ మనిషి తేరుకోలేదు. "ప్రాణం తీసేది ఒంట్లో నీరు పోవడమేనమ్మా, నీళ్ళెందుకు మాన్పించారు?" అని డాక్టరమ్మ కోప్పడింది. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

1971లో బెంగాల్ సరిహద్దున శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగితే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించే ఎందరినో బతికించారు.

మందుల షాపులో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం వుంటే సరే. లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపండి. వాంతి అయితే పది నిమిషాలాగి, మళ్ళీ చెంచా చెంచాగా పట్టండి. మగత కమ్మినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

నదిలో మునగండి, తలమీద చల్లుకోండి. ఆ నీళ్ళు గొంతు దిగకపోతే పుణ్యమేమీ తగ్గదు. శలవు.