గేమ్‌లో చిలుకను మచ్చిక చేస్తాం... మరి తాండూరు చిలుకను?

పోయిన ఆదివారం వికారాబాద్ నుంచి తాండూరుకి, మా బాబాయి వాళ్లింటికి పోయిన. నన్ను చూడంగానే మా తమ్ముడు ఒక అట్టపెట్టె తెచ్చి మూత తీసిండు. లోపల రామచిలుక పిల్ల! ఈకలు ఇంకా సగమే వచ్చినయి. "అన్నా, దీన్ని టేమ్ చేస్తున్న. గింజలు పెడుతున్న" అన్నడు.

ఆ ఐడియా ఎక్కడిదో నాకు తెలుసు. మైన్‌క్రాఫ్ట్! 2017లో 1.12 అప్‌డేట్‌తో అందులోకి చిలుకలు వచ్చాయి. జంగిల్‌లో చిలుక కనిపిస్తే గింజలు పెడతాం. ఒక్కోసారి మొదటి గింజకే మచ్చిక అయితది, ఒక్కోసారి నాలుగైదు పెట్టినా కాదు. తర్వాత మన భుజమెక్కి కూర్చుంటది, పాట పెడితే డ్యాన్స్ చేస్తది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రిలీజ్‌కి ముందు టెస్ట్ వెర్షన్‌లో చిలుకకి కుకీలు తినిపించేలా పెట్టారు. కానీ నిజం పక్షులకి చాక్లెట్ విషం. పిల్లలు చూసి ఇంట్లో అట్లనే చేస్తే? అందుకే గింజలకి మార్చేశారు. ఇప్పుడు గేమ్‌లో కుకీ పెడితే చిలుక చచ్చిపోతది.

మా వాడి గింజలు కూడా అట్లాంటివే. పిల్ల చిలుక ఎండు గింజలు తినలేదు. తల్లీతండ్రీ తాము తిన్నది మెత్తగా చేసి, నోట్లోంచి తీసి పెడతయి. మనం నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోవచ్చు.

ఇంకోటి, రామచిలుకను పట్టుకున్నా, అమ్మినా, ఇంట్లో పెంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. షాపుల్లో దొరికే బడ్జీల లెక్క వేరు. అవి ఆస్ట్రేలియా పక్షులు, తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరిగినయి.

"ఎక్కడ తీసినవ్‌రా?" అంటే ఇంటెనక వేపచెట్టు తొర్ర చూపించిండు. రెండు పెద్ద చిలుకలు ఆ చెట్టు చుట్టే అరుస్తా తిరుగుతున్నయి. నిచ్చెన వేసి పిల్లను మళ్లీ తొర్రలో పెట్టినం. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానియ్యదు అంటారు కదా, అది ఉత్త మాటే. అరగంటలో తల్లి లోపలికి పోయింది.

మీకు ఇట్ల పిల్ల దొరికితే, గూడు దొరకకపోయినా, దెబ్బ తగిలినా, గాలాడే పెట్టెలో పెట్టి అటవీ శాఖ వాళ్లకి చెప్పండి.

మా తమ్ముడు కొంచెం ఏడ్చిండు. నిన్న ఫోన్ చేసి, "అన్నా, తొర్రలకెల్లి తల బయట పెట్టింది!" అన్నడు. టేమ్ చేయకుండానే అది వాడి చిలుక అయింది.

సరే ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!